అచ్చు కావలసిన నానమ్మ

ఆ గురువారం పొద్దున్న ఆ ఇంట్లో ఉన్నది అయిదు ప్రాణాలు. రాత్రంతా రోడ్ల మీద మంచు తోసి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో గుర్రు పెడుతున్న నాన్న వేన్. ఎవరూ పిలవకుండానే ఊరి అవతలి నుంచి తెల్లారేసరికి దిగబడ్డ జాయిస్ అత్త. పెరట్లో ఆవిరి స్నానం చేసే సౌనా గదికి కట్టెలు మోస్తున్న నానమ్మ లెంపి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పక్షం చేరిపోయే కుక్క టర్బో. వీళ్ళెవరికీ అడ్డం రాకుండా వంటింటి గోడకి అతుక్కుని నిలబడ్డ కైసా. అమ్మ వృద్ధాశ్రమం వంటింట్లో పొద్దుటి డ్యూటీకి వెళ్ళిపోయింది కాబట్టి, తర్వాత జరిగిన దేనికీ ఆవిడ పూచీ లేదు.

ఆ రోజు చేయాల్సిన పని చాలా చిన్నది. పదింటికి కైసా కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మెడికల్ కాలేజీ నుంచి డాక్టరుగారు తెర మీద కనిపిస్తారు. ఆవిడ అడిగినవాటికి జవాబు చెప్పాలి. అంతే. కానీ పంపిన దరఖాస్తులన్నిట్లో ఇంటర్వ్యూకి పిలిచింది ఈ ఒక్క కాలేజీయే. ఇది కూడా పోతే కైసా మళ్ళీ ఏడాది పొడుగునా కిరాణా కొట్టులో బిల్లులు కొడుతూ కూర్చోవాలి. ఆ ఇంట్లో ఇంటర్నెట్ సరిగ్గా అందేది నానమ్మ పడగ్గదిలోనే. అందుకని అక్కడ ఇస్త్రీ బల్ల మీద కంప్యూటర్ పెట్టి, వెనక గోడకి వేలాడే నానమ్మ గౌన్లన్నీ తీసి మంచం కింద కుక్కారు.

కైసాకి మాట్లాడటమంటే భయం. నలుగురిలో తన పేరు చెప్పాలన్నా వెనక వరసలోకి జారుకుంటుంది. అయితే ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాత్రం ఎంతసేపైనా వింటుంది. కివిలా ఊళ్ళో వారపత్రిక నడిపే ఆర్విడ్ తాతయ్య ఈ గుణాన్ని కనిపెట్టి, ఆమె హైస్కూల్లో ఉండగానే ఒక పని అప్పజెప్పాడు. ఊళ్ళో ఎవరైనా పోతే కైసా వాళ్ళింటికి వెళ్ళాలి, పెట్టిన కాఫీ తాగాలి, చెప్పినదంతా విని పత్రికకి నివాళి రాయాలి. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఆ ఊళ్ళో పుట్టేవాళ్ళు తక్కువ, పోయేవాళ్ళు ఎక్కువ. అందువల్ల పనికి ఎప్పుడూ కొదవ రాలేదు. కైసా రాసినవాటిని జనం కత్తిరించి ఫ్రిజ్ తలుపుల మీద అంటించుకునేవారు.

దరఖాస్తు నింపుతూ ప్రచురణలు, రచనానుభవం అనే చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. తోటివాళ్ళు అక్కడ ఎలుకల కాలేయాల మీద, కణాల గోడల మీద చేసిన పరిశోధనలు రాశారు.

"చచ్చిపోయినవాళ్ళ గురించి రాశానని డాక్టర్ సీటుకి ఎలా చెప్పుకోను అత్తా?" అంది కైసా.

"చంపానని రాస్తే తప్పుగానీ, రాశానని రాస్తే తప్పేంటే? అచ్చయిందా లేదా? అచ్చయితే ప్రచురణే. వాటన్నిట్లో బాగా కుదిరింది ఏదో అది పైన పెట్టు," అంది జాయిస్ అత్త.

బాగా కుదిరింది నానమ్మది. చిక్కల్లా నానమ్మ ఇంకా పోలేదు.

కివిలాలో ముసలివాళ్ళు తమ నివాళిని ముందే రాయించి, చదువుకుని, ఆర్విడ్ సొరుగులో పెట్టించుకుంటారు. పోయాక తప్పులు దిద్దుకోవడం కష్టమని వాళ్ళ లెక్క. నానమ్మ అయితే కైసా చేత తిప్పి తిప్పి రాయించింది. పట్టిన చేప ఎంత బరువుందో, మొగుడు పెళ్ళికి ముందు ఎన్నిసార్లు వెంటపడ్డాడో, పన్నుకక్కు అనే ఫిన్నిష్ అట్టులో ఎన్ని గుడ్లు వేస్తే ఓవెన్లో పొంగుతుందో ఏదీ వదల్లేదు. అది చదివి ఆర్విడ్ కళ్ళు తుడుచుకుని, "తీసుకుంటున్నాను, సమయం వచ్చినప్పుడు వేస్తాను" అని సొరుగులో పెట్టుకున్నాడు. అబద్ధం రాయడం కైసాకి చేతకాదు. అందుకని దరఖాస్తులో "పత్రిక అంగీకరించింది, ఇంకా అచ్చు కావలసి ఉంది" అని ఉన్నదున్నట్టు రాసి, విచారించుకోవడానికి ఆర్విడ్ ఫోన్ నంబరు ఇచ్చింది. పెద్ద పెద్ద పరిశోధకులు కూడా ఇలాగే రాసుకుంటారట. అత్త ఎక్కడో చదివింది.

ఆ గురువారం తొమ్మిది దాటాక నానమ్మ తువ్వాలు భుజాన వేసుకుని, ఆవిరిలో ఒళ్ళు తట్టుకునే బర్చి కొమ్మల కట్ట చంకలో పెట్టుకుని పెరటి తలుపు తీసింది.

"గురువారం పొద్దున్న సౌనా ఏంటి నానమ్మా? శనివారం కదా చేస్తావ్?"

"డాక్టర్లు ఇంటికొస్తుంటే ఒళ్ళు తోముకోకుండా ఉంటానా?"

"వాళ్ళు రారు. తెర మీద కనిపిస్తారంతే."

"మనకి కనిపిస్తారంటే వాళ్ళూ మనల్ని చూస్తారనేగా," అని నానమ్మ మంచులోకి దిగి వెళ్ళిపోయింది. కాసేపటికి సౌనా గొట్టం లోంచి పొగ ఇంకా దట్టంగా లేచింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. తువ్వాల్లో చుట్టిన వేడి గిన్నె పట్టుకుని పక్కింటి ఇంపి మామ్మ నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గిన్నె జాయిస్ అత్త చేతిలో పెట్టి, "నా నోట మాట రావట్లేదు. మీరంతా గట్టిగా ఉండండి," అని ముక్కు తుడుచుకుంది. తర్వాత ఎదురింటివాళ్ళు బంగాళాదుంపల గిన్నె తెచ్చారు. ఆ వెనకే ఇంకెవరో యాలకుల రొట్టె తెచ్చారు.

"చూశావా? నీ ఇంటర్వ్యూ అంటే ఊరంతా ఎంత ఆరాటపడుతోందో," అంది అత్త గిన్నెలు సర్దుతూ. "నువ్వేమో నన్నెవరూ పట్టించుకోరని ఎప్పుడూ ఏడుపు మొహం పెడతావు."

కైసా గిన్నెలన్నీ ఒకసారి లెక్కపెట్టుకుంది. తన కోసం ఇన్ని గిన్నెలు వస్తాయని ఆమె కలలో కూడా అనుకోలేదు.

చర్చిలో పాటలు పాడించే హెల్మీ మామ్మ లోపలికొచ్చి కైసాని గుండెలకి హత్తుకుంది. "ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కదమ్మా."

"అవునండీ. పదింటికి."

హెల్మీ మామ్మ కాస్త వెనక్కి జరిగి గోడ గడియారం చూసింది. "ఇవాళే? ఇంత తొందరగానా?"

"వాళ్ళిచ్చిన టైం అండీ. గంటలో అయిపోతుందన్నారు."

"ఈ రోజుల్లో అన్నీ తొందరే," అని హెల్మీ మామ్మ నిట్టూర్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడి, సంచి లోంచి పాటల పుస్తకం తీసింది.

పదికి కొంచెం ముందు నల్లకోటు వేసుకుని పాస్టరుగారు వచ్చారు. అప్పటికి హాల్లో కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. వీళ్ళందరి మధ్యా నాన్న గుర్రు పెడుతూనే ఉన్నాడు. దుఃఖంతో సొమ్మసిల్లాడనుకుని ఎవరో ఆయన మీద దుప్పటి కప్పారు. పాస్టరుగారు జాయిస్ అత్త చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగారు.

"లెంపిగారు ఎక్కడ?"

"అమ్మా? సౌనాలో ఉంది."

ముసలమ్మలందరూ ఒకరినొకరు చూసుకుని మెచ్చుకోలుగా తలలు ఆడించారు. ఫిన్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన తాతల కాలంలో బిడ్డని కన్నదీ సౌనాలోనే, పోయినవాళ్ళని కడిగి పడుకోబెట్టిందీ సౌనాలోనే. ఈ కాలంలో కూడా ఆ పద్ధతి పాటించే ఇల్లు ఒకటి ఉన్నందుకు ఇంపి మామ్మకి మళ్ళీ ఏడుపొచ్చింది.

"ఎవరు స్నానం చేయిస్తున్నారు?" అంది హెల్మీ మామ్మ.

"ఎవరో ఎందుకండీ? తనే చేసుకుంటుంది. వీపు ఒక్కటే అందదు. అదొక్కటీ నేనెళ్ళి రుద్దాలి."

పాస్టరుగారు మెల్లగా ఒక కుర్చీ లాగి, "జాయిస్, నువ్వు కూడా కాసేపు కూర్చోమ్మా. మంచినీళ్ళు తాగు," అన్నారు.

"పాపం, తట్టుకోలేకపోతోంది," అని ఇంపి మామ్మ పక్కావిడ చెవిలో గొణగడం కైసాకి వినిపించింది. నా ఇంటర్వ్యూకి అత్త తట్టుకోలేకపోవడం ఏమిటని ఆలోచిస్తూనే ఆమె నానమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సరిగ్గా పదింటికి తెర వెలిగింది. డాక్టర్ వాండర్‌మీర్ వెండి జుట్టు, పల్చటి కళ్ళజోడు ఉన్న పెద్దావిడ. పలకరింపుగా నవ్వాల్సింది పోయి తల దించుకుని కూర్చుంది.

"కైసా, ముందుగా మా కాలేజీ తరఫున నా సానుభూతి చెప్పనివ్వండి."

సీటు లేదని ముందే చెప్పేస్తున్నారనుకుంది కైసా.

"మీ దరఖాస్తులో రాసినవి సరిచూసుకోవడం మా పద్ధతి. సోమవారం మీ సంపాదకులకి ఫోన్ చేశాం. ఇవాళ పొద్దున్నే ఆయన ఇది పంపారు." ఆవిడ ఒక కాగితం తెరకి దగ్గరగా పెట్టింది. కివిలా వారపత్రిక మొదటి పేజీ. నడిమధ్యలో, చేతిలో చేపతో నవ్వుతున్న నానమ్మ. కింద కైసా రాసిన నివాళి, పైన మందపాటి నల్లగీత. ఆ కిందంతా మంచు టైర్ల ప్రకటన.

చావింటికి తెచ్చినట్టు హాల్లోకి వచ్చిన గిన్నెలన్నీ వరుసగా కైసా కళ్ళముందు తిరిగాయి. బంగాళాదుంపలు. యాలకుల రొట్టె. పాస్టరుగారి నల్లకోటు. అంతలో తలుపు అవతల హెల్మీ మామ్మ శ్రుతి అందుకుంది. అందరూ కలిసి నెమ్మదైన పాట ఒకటి మొదలుపెట్టారు.

"కార్యక్రమం జరుగుతున్నట్టుంది కదా," అంది డాక్టరుగారు మరింత మెత్తగా. "ఇంత దుఃఖంలోనూ మీరు వచ్చి కూర్చున్నారు. ఆ నిబ్బరం నేను రాసుకుంటున్నాను. మీరు కష్టపడి ఏమీ మాట్లాడక్కర్లేదు. ఈ రచన చాలు. ఇది చదివి నేను మా అమ్మకి ఫోన్ చేశాను."

అంటే ఊరికే తల ఊపితే సరిపోతుంది. మాట్లాడకుండా తల ఊపడంలో కైసాకి చిన్నప్పటి నుంచి మంచి అభ్యాసం ఉంది. తల కిందికి సగం దాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. నానమ్మ పోయిందన్నదానికి తల ఊపడం ఆ మెడ వల్ల కాలేదు.

"మేడం, మా నానమ్మ పోలేదండీ."

"నిజమే. మనం ప్రేమించినవాళ్ళు మన మనసుల్లో ఎప్పుడూ..."

"మనసులో కాదండీ. సౌనాలో ఉంది."

డాక్టరుగారు కళ్ళజోడు తీసింది. తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గొంతులో మెత్తదనం పోయింది. "అయితే ఇదంతా కల్పించి రాశారా?"

"లేదండీ. రాసిందంతా నిజమే. కొంచెం ముందు అచ్చయింది."

ఆ మాట ఎంత అడ్డదిడ్డంగా ఉందో కైసాకే తెలుస్తోంది. సీటు ఇస్త్రీ బల్ల మీంచి జారి కింద పడిపోతున్నట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడు కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది. బయట నడుము దాకా మంచులో కూరుకుపోయి ఆర్విడ్ తాతయ్య నిలబడి ఉన్నాడు. మీసాల మీద కూడా మంచే. కైసా కిటికీ పైకి లేపింది.

"ఎవరాయన?" అంది డాక్టరుగారు.

"మా సంపాదకులండీ."

"లోపలికి రమ్మనండి."

"రానమ్మా, వీధి తలుపు దగ్గర పాస్టరున్నాడు," అన్నాడు ఆర్విడ్, తెరలో ఉన్నది ఎవరో చూసుకోకుండానే. "కైసా, నా మీద కోపం పెట్టుకోకు. కాలేజీవాళ్ళు ఫోన్ చేసి అచ్చు ఎప్పుడవుతుందని అడిగారు. లెంపి పోయాక అంటే నీ సీటు పోతుందేమోనని భయమేసింది. నోటికొచ్చినట్టు ఈ గురువారం అనేశాను. అన్నాక వెయ్యకపోతే నువ్వు అబద్ధం రాసినట్టు అవుతుందిగా మరి."

"అందుకని బతికున్న మనిషిని వేసేశావా తాతయ్యా?"

"వేసేస్తానా? అడుగున రాశాను కదే, ఈమె క్షేమంగా ఉన్నారు, ఎవరూ కంగారుపడొద్దు అని. ఆఖరు నిమిషంలో టైర్లవాడు వచ్చాడు. చోటు చాల్లేదు."

"ఆ ఒక్క లైనే దొరికిందా తియ్యడానికి?"

"టైర్లు నాలుగే. ఒక టైరు తీసి మూడు వెయ్యమంటావా?"

తెరలో డాక్టరుగారు చేత్తో నోరు కప్పుకుంది. కోపమో ఇంకేమిటో కైసాకి అర్థం కాలేదు. ఎందుకంటే హాల్లో పాట ఒక్కసారి సగంలో తెగిపోయింది. టర్బో గొంతు చించుకుని మొరిగింది. ఏదో గిన్నె నేలమీద పడి దొర్లింది. ఆ చప్పుడుకి లేచినట్టున్నాడు, నాన్న గొంతు వినిపించింది. ఎవరో ఆయన చెవిలో సంగతి చెప్పినట్టున్నారు, ఆ గొంతు వెంటనే ఏడుపులోకి మారింది.

"ఎందుకురా ఏడుస్తున్నావు?" ఇది నానమ్మ. "ఇంతమంది వచ్చారేంటి? ఎవరు పోయారు?"

చివరికి, అలాంటి వార్తలు చెప్పడం వృత్తి కాబట్టి కాబోలు, పాస్టరుగారే చెప్పారు. "మీరేనండీ."

"నేనా? ఎప్పుడు?"

"పేపర్లో వేశారు."

"ఏదీ, ఇలా ఇవ్వు. జాయిస్, నా కళ్ళజోడు."

తర్వాత కాగితం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ పైన గది తలుపు తెరుచుకుంది. గళ్ళ గౌను, తలకి తువ్వాలు, బీట్‌రూట్ లాంటి మొహం, ఒంటి నుంచి ఇంకా లేస్తున్న ఆవిరి. లెంపి నానమ్మ గడపలో నిలబడింది.

"కైసా, చేప బరువు సగానికి సగం తగ్గించేశాడు చూశావా ఆర్విడ్ గాడు?"

కిటికీలో ఆర్విడ్ తల కిందికి దిగిపోయింది.

"మీరు లెంపిగారేనా?" అంది తెరలోంచి డాక్టరుగారు.

నానమ్మ కంప్యూటర్ దగ్గరికొచ్చి తొంగిచూసింది. "ఇంతసేపూ నేనే అనుకుంటున్నానమ్మా. పేపరువాళ్ళు కాదంటున్నారు. మీరు డాక్టరు కదా, మీరే తేల్చండి."

డాక్టరుగారు ఇక ఆపుకోలేక నవ్వేసింది. నవ్వు సర్దుకోవడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. నానమ్మ ఈలోగా మంచం మీద కూర్చుని, ఆవిరి పోయేలా గౌను అంచుతో విసురుకుంది.

"కైసా, ఒకటి చెప్పండి," అంది డాక్టరుగారు చివరికి. "నేను సానుభూతి చెప్పినప్పుడు మీరు ఊరుకుని ఉండొచ్చు కదా. నేనప్పటికే మీకు మంచి మార్కులు వేసేశాను."

కైసా చేతులు ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. మాట మాత్రం బయటికి వచ్చింది. "నేను రాసేవన్నీ మనుషుల గురించి కదండీ. ఇంటికెళ్తే ఆయన దేనివల్ల పోయాడో ఎవరూ ఎక్కువసేపు చెప్పరు. కాఫీలో ఎంత పంచదార వేసుకునేవాడో, కుక్కని ఏమని తిట్టేవాడో అవి చెప్తారు. అవి తప్పు రాస్తే ఇంట్లోవాళ్ళకి మళ్ళీ పోయినట్టుంటుంది. అందుకని రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు అడుగుతాను. అలాంటిదాన్ని నానమ్మ విషయంలోనే తప్పుకి తలూపితే ఎలాగండీ?"

ఇంత పొడుగు మాట ఆమె ఎవరితోనైనా మాట్లాడటం నానమ్మ కూడా ఎప్పుడూ వినలేదు. విసురుకోవడం ఆపేసి మనవరాలిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"లెంపిగారూ, ఇందులో రాసినవన్నీ నిజమేనా?" అంది డాక్టరుగారు.

"చేప, చావు తప్ప మిగతావన్నీ నిజమే."

"ఇన్నేళ్ళలో ఎంతోమంది ప్రచురణలు పరిశీలించాను. రాసిన మనిషి కాకుండా, రాయబడిన మనిషి లేచి వచ్చి తప్పులు దిద్దిన ప్రచురణ ఇదే మొదటిది. మా వృత్తిలో ఇంతకన్నా మంచి ఫలితం ఎవరూ కోరుకోరు." డాక్టరుగారు కాగితాలు సర్దుకుంది. "కైసా, వినడం మీకు వచ్చు, రాయడమూ వచ్చు. పోయారని రాసే ముందు ఒకసారి నాడి పట్టి చూడటం ఒక్కటే మిగిలింది. అది ఆగస్టు నుంచి మేము నేర్పిస్తాం."

కైసా ఆ మాటని అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండగానే నానమ్మకి అర్థమైపోయింది.

"సీటిచ్చినట్టేనా?"

"ఉత్తరం వచ్చేదాకా నేనేమీ అనలేదు."

"మీకెందుకు, నేను పోయాననుకోండి. ఎవరికీ చెప్పను," అని నానమ్మ లేచి, మనవరాలి భుజాలు పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. "ఇక నువ్వు బయటికి నడువు. వచ్చినవాళ్ళందరికీ కాఫీ పొయ్యి. నా చావుకొచ్చినవాళ్ళని ఖాళీ కడుపులతో పంపిస్తే నా పరువేం కాను?"

"మరి నా ఇంటర్వ్యూ?"

"అయిపోయింది కదే. ఇంకా బోలెడు టైముంది. నా ఎడమ భుజం శీతాకాలంలో పైకి లేవట్లేదు. ఇంత పెద్ద డాక్టరమ్మ ఊరికే దొరుకుతుందా?"

కైసా ఇంకో మాట అనేలోపు నానమ్మ ఆమెని హాల్లోకి నెట్టి, మొహం మీదే తలుపు వేసేసింది.

ఆ గంటసేపు జరిగిన ఇంటర్వ్యూలో అందరికన్నా ఎక్కువ మాట్లాడింది పోయిన మనిషే.